అర్పాలో పడవ

మా రైల్వే కాలనీలో తెలుగు పుస్తకం ఏది తెరిచినా ముందు ఆవకాయ వాసన వచ్చేది. దానికి కారణం గార్డు మావయ్య పెట్టిన నియమం.

ఆయన గూడ్సు బండ్ల గార్డు. నాకు చుట్టం కాదు. బిలాస్‌పూర్‌లో ఉన్న తెలుగు కుటుంబాలన్నిటికీ ఆయన మావయ్యే. సెలవు పెట్టి, పాసు మీద దేశం వెళ్లిన ప్రతి కుటుంబమూ తిరిగొచ్చేటప్పుడు ఒక తెలుగు పుస్తకం తేవాలని ఆయన శాసనం. దేశం అంటే మాకు విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం, శ్రీకాకుళం. అక్కణ్ణించి వచ్చేవాళ్లు పుస్తకాన్ని బట్టల పెట్టెలో పెట్టరు. ఊరగాయ జాడీ దొర్లకుండా పక్కన అడ్డు పెడతారు. రాయగడ కొండల్లో బండి ఊగినప్పుడు జాడీ తన పని తాను చేసేది. అలా మా గ్రంథాలయంలో భక్తి పుస్తకానికీ, నాటకానికీ, వైద్య గ్రంథానికీ ఒకటే వాసన. నియమం మరిచిపోయి ఉత్త చేతులతో దిగిన ఒక పాయింట్స్‌మన్‌ని మావయ్య ప్లాట్‌ఫారం మీదే ఆపేశాడు. అతను చేసేది లేక సంచిలోంచి పాత పంచాంగం తీసి ఇచ్చాడు. మావయ్య దాన్నీ కళ్లకద్దుకుని తీసుకెళ్లి వరసలో పెట్టాడు.

గ్రంథాలయం అంటే ఒక బీరువా. ఉద్యోగుల క్లబ్బయిన రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో బిలియర్డ్స్ గది పక్కన, గోడకు ఆనించి ఉండేది. గాజు తలుపులు, ఇత్తడి తాళం. తాళంచెవి మావయ్య జంధ్యానికి కట్టి ఉండేది.

రెండో యుద్ధం రావడానికి కొన్నేళ్ల ముందు ఆ బీరువాకు గండం వచ్చింది. మా ఫుట్‌బాల్ జట్టు ఆ చలికాలంలో ఎక్కడ ఆడితే అక్కడ గెలిచి, వెండి పూత కప్పులు మోసుకొచ్చింది. వాటిని పెట్టడానికి గాజు తలుపుల బీరువా కావలసివచ్చింది. ఇన్‌స్టిట్యూట్‌లో అలాంటిది ఒక్కటే ఉంది.

కొత్త సెక్రటరీ ఆంగ్లో ఇండియన్. మెయిలు బండి డ్రైవరు. ఎత్తయిన మనిషి. ఆయన మాట ఇంజను కూత లాగే ఎదురుగా ఉన్నవాణ్ణి పక్కకు తప్పుకోమన్నట్టుండేది. ఒక ఆదివారం మావయ్యనూ నన్నూ పిలిపించి, బీరువా తెరిపించి, ఒక పుస్తకం తీసి వాసన చూశాడు.

“అచ్ఛా గార్డ్ సాబ్, ఇది లైబ్రరీయా, కిచెనా?”

మావయ్య నవ్వలేదు. “రెండూ కావలసినవే కదా సాబ్.”

తరవాత సెక్రటరీ హిందీలో చెప్పినదాని సారాంశం ఇది. ఈ పుస్తకాలు చదివేది మీ కాసిని ఇళ్లవాళ్లు. ఇన్‌స్టిట్యూట్ అందరిదీ. ఇన్నేళ్లుగా ఈ ఊరి తిండి తింటున్నారు, ఈ ఊరి గురించి ఇందులో ఒక్క కాగితమైనా ఉందా? ఉంటే చూపించండి, కమిటీలో మీ తరఫున మాట్లాడతాను.

“ఉన్నాది,” అన్నాడు మావయ్య తడుముకోకుండా. “మన అర్పా నది మీద పెద్ద సంచిక తయారవుతోంది. మా వాళ్లంతా రాస్తున్నారు. చైత్ర పున్నమికి నది ఒడ్డునే చదివి వినిపిస్తాం. కమిటీ అంతా భోజనానికి రావాల.”

బయటికి వచ్చి సైకిళ్లు నడిపించుకుంటూ వెళ్తుంటే అడిగాను. “మావయ్యా, సంచిక ఎప్పుడు మొదలైంది?”

“ఇప్పుడే.”

“ఎవరు రాస్తన్నారు?”

“నువ్వు. ఇంకా మనవాళ్లంతాను. ఆళ్లకింకా తెలీదు.”

ఆయన ఆ ఏడాది వానాకాలంలో రిటైరు కావాలి. క్వార్టరు వదిలేసి కూతురి ఇంటికి వెళ్లిపోవాలి. కూతురిది ఒక గది, వంటిల్లు. అక్కడ ఆయన మంచానికే చోటు వెతకాలి. బీరువా పోతే పుస్తకాలు గోనెసంచుల్లోకి, అక్కణ్ణించి చెదపురుగుల్లోకి వెళ్తాయని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. అందుకే ఇంటికి వెళ్లగానే సిరాబుడ్డి తీశాను.

నేను యార్డులో వ్యాగన్ల నంబర్లు రాసుకునే గుమాస్తాను. డైరీ రాసే అలవాటు ఉన్నవాణ్ణి. చేతిరాత గుండ్రంగా ఉంటుందని సంచికకు లేఖకుణ్ణి చేశారు. అచ్చు వేయించే స్తోమత మాకు లేదు. సంచిక అంటే ఒకే ఒక ప్రతి. నల్ల సిరాతో విషయం, ఎర్ర సిరాతో శీర్షిక. రాసినవాళ్లు తమ కాగితాలను డ్యూటీకి పోతూ మా గుమ్మంలో పడేసేవారు. కొందరు పాత చార్టుల వెనక రాశారు. ఒకాయన సిగరెట్ అట్టల మీద రాసి వాటికి వరస సంఖ్యలు వేశాడు. నేను సాయంత్రాలు దీపం ముందు కూర్చుని అవన్నీ సాపు రాసేవాణ్ణి. మా ఆవిడ పక్కన కూర్చుని బియ్యం ఏరుతూ ఉండేది.

“ఉప్పు అయిపోనాదని మూడ్రోజులుగా సెప్తన్నాను. అది మాత్రం మీ ఏ కాగితంలోనూ ఎక్కలేదు.”

“అది నది గురించి కాదు కదా.”

“నదిలో ఉప్పుంటే తెచ్చుకుందును.”

కాగితాలు బాగానే వచ్చాయి. లోకో షెడ్డులో ఫిట్టరుగా ఉన్న ఒకాయన పడవ ప్రయాణం రాశాడు. మా అందరికీ ఆయన బాబాయి. వంశధార ఒడ్డున పుట్టిన మనిషి. ఆ పడవ నీటి సుడిలో పడి గిర్రున తిరగడం, పడవవాడు గెడ వేసి దాన్ని నిలబెట్టడం చదువుతుంటే నాకే కళ్లు తిరిగాయి. బుకింగ్ గుమాస్తా అలల మీద కొబ్బరిచెట్ల నీడలు రాశాడు. ఇంకొకాయన నది సముద్రంలో కలిసే చోట ఎగిరే పక్షులను రాశాడు. మావయ్య కార్తీక స్నానం రాశాడు, మెడలోతు నీళ్లతో. నేను మెట్ల రేవు రాశాను. అన్నిటినీ పొందికగా రాసి, విషయసూచిక వేసి, అట్ట కుట్టి, అందమైన సంచిక తయారైందని సంతోషించాను.

కమిటీకి తెలుగు రాదు. అందుకని ఒక్కో రచన చదివాక దాని సంగతి హిందీలో చెప్పే పని మావయ్య కూతురికి అప్పగించారు. ఆ అమ్మాయి ఇక్కడే పుట్టింది, ఇక్కడి బడిలో హిందీ చదువుకుంది, ఇక్కడి ఫైర్‌మన్‌నే చేసుకుంది. తెలుగు గలగలా మాట్లాడుతుంది గాని చదవాలంటే కూడబలుక్కోవాలి. అందుకే పున్నమి ఇంకా వారం ఉందనగా మావయ్య ఇంటి వరండాలో కూర్చుని నేను చదువుతున్నాను, ఆమె వింటోంది. మావయ్య కళ్లు మూసుకుని తల ఊపుతున్నాడు.

“ఆగన్నయ్యా,” అంది. “ఇది ఏ నది?”

“అర్పా.”

“మన అర్పాయేనా? బ్రిడ్జి కింద ఉన్నాదే, అదేనా?”

“అదే.”

“మరి ఈ పడవేటి?”

నేను కాగితం వైపు చూశాను. పడవ అక్కడే ఉంది, సుడిలో తిరుగుతోంది.

“అచ్ఛా, పడవ పోనీ. కొబ్బరిచెట్లు ఎక్కడున్నాయి? నాకు బుద్ధి తెలిసినప్పట్నుంచి కొబ్బరికాయ కూడా మీరు దేశం నుంచి తెస్తేనే చూసినాను. ఇప్పుడు పాదం తడవడానికైనా నీళ్లు లేవు. నాన్న అందులో మెడ దాకా ఎలగ మునిగినాడు? పడుకున్నాడేటి?”

మావయ్య కళ్లు తెరిచాడు.

“సముద్రం కూడా ఉన్నాది నాన్నా! బిలాస్‌పూర్‌కి సముద్రం తెచ్చేసినారు. కమిటీవాళ్లు ఇంటే కప్పులకి బీరువా కాదు, మనకి పిచ్చాసుపత్రి చూస్తారు.”

నవ్వడం మొదలుపెట్టింది గాని తండ్రి మొహం చూసి ఆపేసింది. మావయ్య జంధ్యానికి ఉన్న తాళంచెవిని వేళ్ల మధ్య తిప్పుతున్నాడు.

మేం చేసింది మోసం కాదు. ‘నది’ అనే మాట చెవిన పడగానే మాలో ఒక్కొక్కడి కళ్ల ముందూ తను ఈత నేర్చుకున్న ఏరు పారింది. ఒకడికి నాగావళి, ఒకడికి వంశధార, ఒకడికి చంపావతి. రాసేటప్పుడు పైన ‘అర్పా’ అని పెట్టి కింద ఎవరి ఏరు వాళ్లు దించేశారు. నేను అందరి ఏర్లనూ ఎర్ర సిరాతో కలిపాను.

మర్నాడు సాయంత్రం మావయ్య రాసినవాళ్లందర్నీ పిలిచి విషయం చెప్పాడు. అందరూ ఒకేసారి మాట్లాడారు. బుకింగ్ గుమాస్తా కొబ్బరిచెట్ల స్థానంలో తుమ్మచెట్లు పెడితే ఏమవుతుందని అడిగాడు. సముద్రం రాసినాయన, సముద్రాన్ని ‘దూరంగా’ అని సర్దవచ్చన్నాడు. ఫిట్టరు బాబాయి ఒక్కడే చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

“నాను పడవ తియ్యను. నది అన్నాక పడవుండాల.”

“ఎక్కడున్నాదో సూపించు, ఉంచేద్దాం,” అన్నాడు మావయ్య.

“నీకు కనబడకపోతే నాదేటి తప్పు?”

“ఇసకలో పడవెలగ నడుస్తాదయ్యా! సక్రాలున్నాయేటి?”

“నీ మెడలోతు నీళ్లలో నడుస్తాది.”

అప్పుడు లోపల్నించి కూతురు వచ్చి గుమ్మంలో నిలబడింది. “మీలో ఎవరైనా ఎప్పుడైనా నదిలోకి దిగినారా?”

దిగినవాళ్లు ఒక్కరూ లేరు. దాటినవాళ్లమే అందరం. మావయ్య ఆ వంతెన మీద జీవితమంతా అటూ ఇటూ తిరిగాడు. కాని కాలనీ స్టేషను పక్కన, నది ఎక్కడో అవతల. మేం దాన్ని ఎప్పుడూ పైనుంచే చూశాం.

“అయితే ఆదివారం పదండి. అక్కడే కూకోండి. కనబడిందే రాయండి. కనబడంది రాయొద్దు.”

ఆదివారం మధ్యాహ్నం కోట్లూ టోపీలూ వేసుకుని నదికి బయల్దేరాం. చెప్పులు చేత్తో పట్టుకోవాలనే సలహా ఎవరిచ్చారో గుర్తులేదు గాని ఇసక కాలిపోతోంది. గౌరవనీయులైన రైల్వే ఉద్యోగులు వరసగా గంతులు వేసుకుంటూ నది మధ్యకు చేరడం ఆ రోజు అర్పాలో జరిగిన మొదటి విశేషం. ఎవరూ దాన్ని రాయలేదు.

తలా ఒక చోట కూర్చున్నాం. నేను ‘ఇసుక’ అని రాశాను. కాసేపాగి ‘చాలా ఇసుక’ అని రాశాను. పక్కనున్న గుమాస్తా కాగితంలోకి తొంగి చూస్తే అక్కడా అదే ఉంది.

కొంచెం దూరంలో కర్బూజా పాదులున్నాయి. నది ఎండగానే ఇసకలో గుంటలు తీసి, ఎరువు వేసి పెంచుతారు. పాదుల దగ్గరున్న ఆవిడ మమ్మల్ని చూసి చీర కొంగు నడుముకు దోపి గట్టిగా ఏదో అంది. మావయ్య కూతురు ఛత్తీస్‌గఢీలో జవాబిచ్చింది. ఇద్దరూ నవ్వారు.

“ఏటంతోంది?” అన్నాడు బాబాయి.

“రైలోళ్లు నది కొలవడానికొచ్చారా, ఇక్కడ కూడా పట్టాలేస్తారా అంటోంది. కాదమ్మా, నది గురించి రాస్తారట అన్నాను. నదిలో రాయడానికేముంది, ఇదిగో ఇది తినమనండి అంటోంది.”

కర్బూజా కోసి పెట్టింది. మేం చేతులు కడుక్కోవడానికి నీళ్లెక్కడని చూస్తుంటే, ఆవిడ అక్కడే వంగి ఇసకను రెండు చేతులా తోడింది. మోచేయి లోతు వెళ్లేసరికి అడుగున తడి కనబడింది. కాసేపటికి చెలమ నిండింది. ముందు బురదగా ఉన్న నీళ్లు మెల్లగా తేరుకున్నాయి. మావయ్య దోసిలి పట్టి తాగి, “సల్లగున్నాయిరా,” అన్నాడు. ఇంతకాలం ఎండిపోయిందనుకున్న నది మా కింద నడుస్తూనే ఉందని అప్పుడు తెలిసింది. గుమాస్తా కాగితం మీద ‘చాలా ఇసుక’ కొట్టేశాడు.

అప్పుడు వంతెన మీదికి బండి వచ్చింది. అందరం తలెత్తాం. ఏ బండో, ఎంత ఆలస్యమో ఎవరికి వాళ్లం చెప్పేశాం. అందరూ ఒకే మాట చెప్పారు, అది మా వృత్తి. కాని ఆ చప్పుడు వేరుగా ఉంది. పైన వినే ఢణఢణ కాదు. కింద స్తంభాల మధ్య అది గుండ్రంగా తిరిగి, ఇసకలోకి దిగి, మేం కూర్చున్న చోట కాళ్ల కింద పలికింది. ఒక కిటికీలోంచి ఎవరో నదికి దండం పెట్టి రాగి కానీ ఒకటి విసిరారు. అది చప్పుడు లేకుండా ఇసకలో పడింది. కర్బూజా ఆవిడ తొందర లేకుండా వెళ్లి తీసుకుని బొడ్లో దోపుకుంది.

“కింద నుంచి ఇలగుంటాదేటి!” అన్నాడు మావయ్య. “నాకు బండి చివర బ్రేకు పెట్టెలో ఈ చప్పుడు ముందు నుంచి ఒక్కో పెట్టే దాటుకుంటా వస్తాది. నా దాకా రాగానే టిఫిను డబ్బా సర్దుకుంటాను. ఇల్లొచ్చేసినట్టే. మీ అత్త ఉన్నప్పుడు ఈ చప్పుడు ఇని ఎసరు పెట్టేది.”

“అదే రాయి నాన్నా,” అంది కూతురు.

ఆయన రాశాడు. అందరూ రాశారు. చాకలివాళ్లు ఆరేసిన బట్టల్లో తన చొక్కా గుర్తుపట్టి ఒకాయన రెండు పేజీలు రాశాడు. నేను చెలమ రాశాను.

ఫిట్టరు బాబాయి మాత్రం ఎగువ వైపు తిరిగి, తెల్ల కాగితం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

“ఏం చేస్తన్నావు బాబాయ్?”

“పడవ కోసం సూస్తన్నాను.”

మావయ్య కూతురు జాలిపడి కర్బూజా ఆవిణ్ణి అడిగింది. వానాకాలంలో ఎగువన, ఊళ్లవాళ్లు దాటే చోట, ఒక డోంగా నడిచేదట. దుంగ తొలిచి చేసిన పడవ. రెండేళ్లుగా నడవడం లేదు. అడుగు పుచ్చిపోయి ఇప్పచెట్టు కింద బోర్లా పడి ఉందట.

బాబాయి లేచి నిలబడి పంచె దులుపుకున్నాడు. “సూసినారా? ఉన్నాది. నా పేజీ కాళీగా ఉంచు. వచ్చినాక రాస్తాను.”

నాకు పద్ధతి ప్రకారం పని చేయడం అలవాటు. కొత్త సంచికలో చివరి పేజీ పైన ఎర్ర సిరాతో ‘పడవ’ అని శీర్షిక రాసి, కింద ఖాళీ ఉంచాను. విషయసూచికలో కూడా ఎక్కించాను.

చైత్ర పున్నమి సాయంత్రం ఇసకలో చాపలు పరిచాం. మా ఆడవాళ్లు పులిహోర, గారెలు తెచ్చారు. కమిటీవాళ్లు చెప్పులు విప్పడానికి మొదట మొహమాటపడ్డారు, తరవాత తొడుక్కోవడానికి ఇష్టపడలేదు. నేను చదివాను, ఆ అమ్మాయి హిందీలో చెప్పింది. నాకంటే ఆమె చెప్పింది బాగుంది. చాకలి చొక్కా కథకు కమిటీ గట్టిగా నవ్వింది. మావయ్య వంతెన గురించి రాసింది విన్నాక సెక్రటరీ చేతిలోని గారె పక్కన పెట్టాడు.

“వెనక అలా వినబడుతుందా? ఇంజనులో మాకు వంతెన చెవులకు తెలియదు, అరికాళ్లకు తెలుస్తుంది,” అన్నాడు. తరవాత సంచిక చేతిలోకి తీసుకుని, చదవలేకపోయినా పేజీలు తిప్పుతూ చివరి దాకా వెళ్లాడు. “ఇది ఖాళీగా ఉందేం?”

“బోట్ సాబ్,” అంది అమ్మాయి. “ఇంకా రాలేదు.”

“లేట్ రన్నింగా?”

“హాఁ సాబ్.”

“ఎంత లేటు?”

ఆమె బాబాయి వైపు చూసింది. బాబాయి, “వానలు పడేదాకా,” అన్నాడు.

కమిటీలో ఇద్దరు ముగ్గురు ఈ ఆటలు చాలు, కప్పులు బల్లల కింద దుమ్ము పట్టిపోతున్నాయని గొణిగారు. సెక్రటరీ చెయ్యెత్తాడు. బండి ఆలస్యమైతే ఎదురుచూస్తాం, రద్దయితే వేరే ఏర్పాటు చేస్తాం. ఇక్కడా అదే పద్ధతి. గార్డ్ సాబ్ రిటైరయ్యే లోపల ఆ పేజీ నిండితే బీరువా పుస్తకాలది. నిండకపోతే కప్పులది. ఊహించి నింపితే ఒప్పుకోను, పడవ నది మీద కనబడాలి. ఇదీ ఆయన తీర్పు.

ఇళ్లకు తిరిగొస్తుంటే మావయ్య బాబాయి భుజం మీద చెయ్యి వేశాడు. “నా బీరువా నీ పుచ్చిన దుంగ మీద పెట్టేసినావు కదయ్యా.”

“పుచ్చింది అడుగే. మిగతాది బాగున్నాది. నాను ఎల్లి సూసొచ్చినాను.”

ఆ వేసవంతా సెలవు దొరికిన ప్రతి ఆదివారం బాబాయి ఉలి, సుత్తి, ఇంట్లోంచి ఒక గారె పొట్లం పట్టుకుని ఎగువకు వెళ్లేవాడు. డోంగా సొంతదారు ముసలివాడు. మొదట్లో అనుమానంగా దూరంగా కూర్చునేవాడట, గారెలు తిన్నాక దగ్గరికొచ్చాడు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. పుచ్చిన భాగం కోసేసి, సాల చెట్టు చెక్క బిగించి, సందుల్లో గోనె నార కూరి, పైన తారు పూశారు. ఒకసారి నేనూ మావయ్యా వెళ్లాం. బాబాయి పడవ కింద పడుకుని, ఇంజను బాయిలరు తట్టినట్టు సుత్తితో తట్టి చెవి పెట్టి వింటున్నాడు.

“ఇది మోసం కాదేటి?” అన్నాడు మావయ్య. “సెక్రటరీ ఒప్పుకుంటాడా?”

బాబాయి పడవ కిందనుంచే జవాబిచ్చాడు. “షెడ్డులో ఇంజను బాగుచేసి లైను మీదికి పంపితే మోసమేటి? లేటయితే అయింది, బండి బండే.”

ఆ ఏడాది వాన కూడా లేటయింది. ఆషాఢం సగమైనా నదిలో ఇసకే. షెడ్డులో బాబాయిని ఏడిపించడం ఒక ఆట అయిపోయింది. “బాబాయ్, నీ పడవ ఏ స్టేషను దాటినాది?” అని ఒకడు, “లైన్ క్లియర్ ఇంకా ఇవ్వలేదట!” అని ఇంకొకడు. మావయ్య మాత్రం రోజూ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లి, బీరువా తెరిచి, పుస్తకాలు ఒక్కొక్కటీ తుడిచి మళ్లీ పెట్టేవాడు. ఒకసారి చూస్తే ఆయన పక్కన నాలుగు గోనెసంచులు మడత పెట్టి ఉన్నాయి. నేను చూసిన సంగతి ఆయన చూశాడు. ఇద్దరం వాన గురించి మాట్లాడుకున్నాం.

చివరికి కట్నీ లైను మీద నుంచి వచ్చిన సిబ్బంది వార్త తెచ్చారు. పెండ్రా కొండల్లో కుండపోతగా పడుతోందని. అర్పా పుట్టేది అక్కడే. మర్నాటికి నదిలో నురగ కనబడింది, ఆ పై రోజుకు ఇసక కనబడలేదు. కర్బూజా పాదులున్న చోటూ మేం చాపలు పరిచిన చోటూ ఎర్రటి నీళ్లు. కాలనీ అంతా గొడుగులేసుకుని చూడడానికి వెళ్లింది. బుకింగ్ గుమాస్తా నీళ్ల వైపు చూసి, “ఇందులో మెడ దాకా మునగొచ్చు మావయ్యా,” అన్నాడు. మావయ్య చాలా రోజుల తరవాత నవ్వాడు.

కాని పడవ రాలేదు. ప్రవాహం ఇంత జోరుగా ఉంటే డోంగా దించకూడదని ముసలివాడు పట్టుబట్టాడట. బాబాయి మూడు రోజులు అన్నం సరిగా తినలేదని పిన్ని మా ఆవిడతో చెప్పింది.

నాలుగో రోజు ఉదయం మేం ఇన్‌స్టిట్యూట్ వరండాలో ఉన్నాం. మావయ్య ఉద్యోగంలో ఆఖరి వారం అది. మెయిలు వచ్చే వేళకు వంతెన వైపు నుంచి కూత వినబడింది. ఒకటి కాదు, ఆగకుండా, వంతెన ఈ చివర నుంచి ఆ చివర దాకా. వరండాలో ఉన్నవాళ్లంతా లేచి నిలబడ్డారు. పట్టాల మీద ఏ పశువో, మనిషో పడ్డాడనుకున్నాం.

కొంతసేపటికి సెక్రటరీ వచ్చాడు. ఇంజను దిగి తిన్నగా వచ్చినట్టున్నాడు. మొహం నిండా బొగ్గు, చేతిలో నూనె గుడ్డ. వరండా మెట్ల దగ్గర ఆగి మావయ్యకు సెల్యూట్ చేశాడు.

“గార్డ్ సాబ్, ఆప్‌కా బోట్. రైట్ టైమ్.”

బాబాయిని పిలవడానికి షెడ్డుకు మనిషి పరిగెత్తాడు. సెక్రటరీ చెప్తూనే ఉన్నాడు. వంతెన మీద వేగం తగ్గించి చూశాడట. చిన్న నల్లటి పడవ, ప్రవాహానికి ఏటవాలుగా దాటుతోందట. కప్పుల పక్షంవాడైన సెక్రటరీ కళ్లకే అది ముందు కనబడింది కాబట్టి కమిటీలో ఇంక ఎవరూ అడ్డు చెప్పలేకపోయారు. ఆయన సంచిక తెప్పించి, ఖాళీ పేజీ అడుగున, స్టేషను రిజిస్టర్‌లో వేసినట్టే, పడవ కనబడిన వేళ వేసి సంతకం పెట్టాడు.

బీరువా పుస్తకాలకే ఉండిపోయింది. కప్పులు బీరువా నెత్తి మీద వరసగా పెట్టారు. కొన్నాళ్లకు వాటికీ ఆవకాయ వాసన పట్టిందని జట్టువాళ్లు ఫిర్యాదు చేశారు గాని అది ఋజువు కాలేదు. మావయ్య రిటైరై కూతురింటికి వెళ్లాక కూడా రోజూ వచ్చి తాళం తీసేవాడు. ఆ నాలుగు గోనెసంచులు బాబాయి పట్టుకెళ్లాడు, మరుసటి ఏడాది పడవ సందుల్లో కూరడానికి నార కావాలని.

ఆ రోజు మాత్రం బాబాయి షెడ్డు నుంచి వచ్చి, తిన్నగా నదికి పరిగెత్తాడు. సాయంత్రం తడిబట్టలతో మా ఇంటికొచ్చి, పేజీ ఇమ్మని కూర్చున్నాడు. మొదటి సంచికలో ఆయన రాసిన పడవ సుడిలో గిర్రున తిరిగింది కదా, ఇదెంత గొప్పగా ఉంటుందోనని మావయ్యా నేనూ పక్కనే నిలబడ్డాం. ఆయన పెన్సిలు తడి చేసుకుని రెండు ముక్కలు రాసి, కాగితం నా వైపు తోసేశాడు.

‘పడవ వచ్చింది. అందులో ఒక మేక ఉంది.’

మావయ్య రెండుసార్లు చదివాడు. “ఇంతేనా? ఇన్నాళ్ల పడవకి మేకేటయ్యా?”

బాబాయి పంచె పిండుకుంటూ అన్నాడు. “కనబడిందే రాయమన్నారు కదేటి.”